మంచి వారాన్ని వాయిదా వేయకండి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే అందరి నోటా ఒకటే మాట: ‘ముందు ట్రీట్‌మెంట్ పూర్తి కానీ’. దగ్గరివాళ్ళ పెళ్ళికి వెళ్ళడం, పిల్లల చదువు గురించి మాట్లాడుకోవడం, ఆఖరికి భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని తీరుబడిగా కాఫీ తాగడం కూడా ఆ మాటతోనే వాయిదా పడిపోతాయి. కానీ ఇది పది రోజుల్లో తేలే జబ్బు కాదు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో, ఆపరేషన్, రేడియేషన్ మూడూ అవసరమైతే అన్నీ ముగిసేసరికి ఆరేడు నెలలు దాటిపోతాయి. ఆ తర్వాత కొందరు ఐదేళ్ళ నుంచి పదేళ్ళ దాకా హార్మోన్ మాత్రలు వేసుకోవాల్సి ఉంటుంది. కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్లకు చికిత్సే రెండేళ్ళకు పైగా నడుస్తుంది. అన్నాళ్ళు సంసారాన్ని పక్కన పెట్టి ఉంచడం ఎవరివల్లా కాదు. పెట్టకూడదు కూడా.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చికిత్సకు ఒక లెక్క ఉంటుంది. అందులో కష్టపు రోజులుంటాయి, జాగ్రత్తగా ఉండాల్సిన రోజులుంటాయి, మంచి రోజులూ ఉంటాయి. ఆ లెక్క తెలుసుకున్న ఇంట్లో మంచి రోజులు సద్వినియోగమవుతాయి. తెలియని ఇంట్లో అవి కూడా భయంలోనే గడిచిపోతాయి.

మా ఆవిడకు చికిత్స జరిగిన కాలంలో ఇంటిపనీ హాస్పిటల్ పనీ రెండూ నేనే చూసుకున్నాను. అందుకే ఇక్కడ జబ్బు పడ్డవారిని ‘ఆమె’ అని రాస్తున్నాను. భర్తకు జబ్బు చేస్తే భార్య చూసుకుంటున్న ఇళ్ళకు కూడా ఇందులో ప్రతి మాటా వర్తిస్తుంది.

మూడు వారాల లెక్క

చాలా రకాల కీమో మందులు 21 రోజులకొకసారి ఇస్తారు. దాన్నే ఒక సైకిల్ అంటారు. కొన్ని వారానికొకసారి, కొన్ని రెండు వారాలకొకసారి ఉంటాయి. మీకు ఏది రాశారో మొదటి రోజే డాక్టరునడిగి రాసుకోండి.

మూడు వారాల సైకిల్ అయితే మొదటి నాలుగైదు రోజులు వికారం, నీరసం, తిండి సహించకపోవడం. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు. అది ఆపాక ఒక్కసారిగా నిస్సత్తువ ఆవరిస్తుంది. షుగరు ఉన్నవారికి ఆ రోజుల్లో షుగరు పెరుగుతుంది కాబట్టి ఇంట్లో తరచుగా చూసుకోవాలి.

రెండో వారం చూడ్డానికి బాగానే ఉన్నట్టుంటుంది గానీ అసలు జాగ్రత్త అప్పుడే కావాలి. సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ‘కౌంట్ పడిపోయింది’ అని హాస్పిటల్లో అనేది దీన్నే. ఆ వారంలో గుడికి, పెళ్ళికి, రద్దీ బస్సులోకి వెళ్ళకూడదు. జలుబు చేసిన మనవడినైనా దూరంగానే ఉంచాలి.

మూడో వారమే మంచి వారం. కణాలు కోలుకుంటాయి. నాలుక్కి కొంచెం రుచి తెలుస్తుంది, నడవాలనిపిస్తుంది, మాట్లాడాలనిపిస్తుంది. ఆ వారం చివర సీబీపీ అనే రక్తపరీక్ష చేసి, కౌంట్ సరిపోతేనే తర్వాతి డోసు ఇస్తారు. సరిపోక డోసు ఒక వారం వెనక్కి వెళ్తే కంగారు పడొద్దు. డాక్టర్లకు అది మామూలు విషయం.

రేడియేషన్‌ది వేరే పద్ధతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్ళాలి, శని ఆదివారాలు సెలవు. మెషీన్ కింద ఉండేది కొద్ది నిమిషాలే అయినా, వారాలు గడిచేకొద్దీ అలసట పేరుకుంటుంది. బయట నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు.

వంటింట్లో మారాల్సినవి

ఒక డోసు అయి ఇంటికొచ్చిన సాయంత్రం నేను చారుకు ఇంగువ తాలింపు వేశాను. ఆవాలు చిటపటలాడాయో లేదో, హాల్లో కూర్చున్న మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ వాసన వస్తేనే ఆకలేస్తుందని అంతకుముందు చెప్పిన మనిషి! అప్పటి నుంచి డోసు రోజుల్లో వంట ఆమె హాస్పిటల్ నుంచి రాకముందే అయిపోయేది. వేడివేడిగా పొగలు కక్కే అన్నం కంటే చల్లారిన పెరుగన్నం, ఇడ్లీ, పెసరకట్టు, రాగిజావ తేలిగ్గా దిగేవి. చల్లారిన తిండికి వాసన తక్కువ, అదే కారణం. ఒక్క జాగ్రత్త: పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ అనే మందు పడ్డవారికి కొన్నాళ్ళపాటు చల్లనివి తాకినా తాగినా చేతులు, గొంతు జివ్వుమంటాయి. వాళ్ళకు ఫ్రిజ్‌లోవి ఇవ్వకూడదు, గోరువెచ్చనివే ఇవ్వాలి.

నోట్లో ఇనుము నాకినట్టుందంటే స్టీలు కంచం, స్టీలు గ్లాసు తీసేసి గాజువో పింగాణీవో పెట్టండి. నోరు పూయకుండా ఉంటే నిమ్మకాయ, ఉసిరి లాంటి పులుపు రుచిని కొంత తిరిగి తెస్తుంది. నోరు పూస్తే మాత్రం ఊరగాయ, మిరపకారం, పులుపు అన్నీ బంద్. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. పళ్ళు తోముకోవడానికి మెత్తటి బ్రష్షే వాడాలి.

పూటకొక పెద్ద కంచం కాకుండా రెండు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెం పెట్టండి. కండ కరిగిపోకుండా పప్పు, పెరుగు, బాగా ఉడికిన గుడ్డు, చేప రోజూ ఏదో ఒక రూపంలో లోపలికి వెళ్ళాలి. కౌంట్ తక్కువగా ఉన్న వారంలో పచ్చి సలాడ్లు, బయట కోసి అమ్మే పండ్లు, రోడ్డు పక్క తిండి వద్దు. పండైతే కడిగి, ఇంట్లో తొక్క తీసి ఇవ్వాలి. వాంతుల మాత్ర వాంతి అయ్యాక వేసేది కాదు. డాక్టరు రాసిన వేళకు ముందే వేయాలి. ఆ మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, అది కూడా డాక్టరుకు చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం, కంచం పట్టుకుని ఎదురుగా నిలబడకండి. ‘నా కోసం రెండు ముద్దలు’ అని బతిమాలితే మీ మీద ప్రేమతో తింటుంది, పది నిమిషాల్లో వాంతి చేసుకుంటుంది. తిండి విషయంలో గొడవపడని జంట లేదు. దానికి విరుగుడు ఒకటే. ‘ఇడ్లీనా, జావా?’ అని రెండిట్లో ఒకటి ఎంచుకోమనండి. చేతికందేలా పెట్టి మీ పని మీరు చూసుకోండి. తినకపోతే తీసేసి గంట తర్వాత మళ్ళీ అడగండి.

జ్వరం వస్తే ఆగకూడదు

ప్రతి ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ ఉండి తీరాలి. కీమో నడుస్తున్నప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అది మామూలు జ్వరం కాదు, అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. కౌంట్ తక్కువగా ఉన్న ఒంట్లో ఇన్ఫెక్షన్ కొద్ది గంటల్లోనే ముదిరిపోతుంది. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మాత్ర జ్వరాన్ని కప్పిపెడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

క్యాజువాల్టీకి వెళ్ళగానే మొదట చెప్పాల్సిన మాట: ‘కీమో నడుస్తోంది, చివరి డోసు ఫలానా తేదీన’. మందుల పేర్లు, ఆ తేదీ, మీ క్యాన్సర్ డాక్టరు నంబరు ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి. ఒంట్లో వణుకు, ఆయాసం, ఆగని విరేచనాలు, చిగుళ్ళ నుంచి రక్తం, మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోవడం, వీటిలో ఏది కనిపించినా జ్వరం లేకపోయినా వెళ్ళాలి.

కీమో ఎక్కించిన తర్వాత రెండు రోజులపాటు మందు మూత్రంలో, మలంలో, వాంతిలో బయటికి వస్తుంది. మరుగుదొడ్డిలో మూత పెట్టి రెండుసార్లు నీళ్ళు కొట్టండి. మరకలైన బట్టలు గ్లవ్స్ వేసుకుని విడిగా ఉతకండి. జాగ్రత్త అంతవరకే. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కంచం వేరు చేయాల్సిన పనిలేదు, మనిషిని వేరు చేయాల్సిన పని అసలే లేదు.

ఆమెకు తెలియకుండా దాచకండి

మన ఇళ్ళల్లో జబ్బు సంగతి ముందు భర్తకో, కొడుక్కో, బావమరిదికో తెలుస్తుంది. ‘ఆవిడకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు’ అనడం చాలామందికి ప్రేమగానే అనిపిస్తుంది. కానీ జుట్టు ఊడుతున్న మనిషికి, క్యాన్సర్ బోర్డు ఉన్న గేటులోంచి రోజూ లోపలికి నడిచే మనిషికి ఏం జరుగుతోందో తెలియకుండా ఉండదు. తెలిసినట్టు ఆమె చెప్పదు, ఏమీ లేనట్టు మీరు నటిస్తారు. ఒకే గదిలో ఇద్దరూ ఎవరికి వారే ఒంటరిగా భయపడతారు.

అన్నీ ఒక్కరోజే చెప్పనక్కర్లేదు. ‘నీకెంతవరకు తెలుసుకోవాలనుంది?’ అని అడిగి, అడిగినంత మేరకు నిజం చెప్పండి. డాక్టరు దగ్గర ఆమె కుర్చీ ఆమెదే. మీ పని పక్కన కూర్చుని రాసుకోవడం. చికిత్స జబ్బును నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా అన్న ప్రశ్న ఇద్దరూ కలిసే అడగాలి. అదుపులో ఉంచడానికే అని జవాబొస్తే మంచి వారాల విలువ ఇంకా పెరుగుతుంది. నొప్పి, ఆయాసం, నిద్రలేమి తగ్గించే పాలియేటివ్ కేర్‌ను చివరి రోజులకు దాచిపెట్టకూడదు, చికిత్సతో పాటే మొదలుపెట్టవచ్చు. నొప్పికి డాక్టరు రాసే మార్ఫిన్‌కు కూడా భయపడనక్కర్లేదు. చెప్పిన మోతాదులో వాడితే అది నొప్పిని తీసే మందే.

పరామర్శలు, సలహాలు

కబురు తెలియగానే చుట్టాలు వస్తారు. వాళ్ళ ప్రేమ నిజమే. కానీ ‘మా ఊళ్ళో ఒకాయనకు ఇలాగే వచ్చింది, పాపం...’ అంటూ మొదలయ్యే కథలు మంచం మీదున్న మనిషి వినకూడదు. రెండో వారంలో ఎవరినీ రానివ్వకండి. ‘కౌంట్ తక్కువగా ఉంది, డాక్టరు వద్దన్నారు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. రోజూ వచ్చే ఫోన్లకు ఇంట్లో ఒకరే, ఆడపడుచో మరిదో, జవాబు చెప్పేలా ఏర్పాటు చేసుకోండి.

లక్ష్మణఫలం ఆకుల కషాయం, గోధుమగడ్డి రసం, ఫలానా ఊరి పసరుమందు, పంచదార పూర్తిగా మానేయడం, ఇలాంటి సలహాలు తప్పకుండా వస్తాయి. కషాయాలు, పసర్లు కాలేయం మీద, మూత్రపిండాల మీద భారం వేసి కీమో మందు పనిలో అడ్డుపడవచ్చు. డాక్టరునడగకుండా ఏదీ పట్టొద్దు. తిండి సహించని మనిషికి ఇష్టమైన పాయసం కూడా మాన్పించి బరువు తగ్గించడం వల్ల జబ్బు ఆకలితో చావదు, మనిషే నీరసిస్తుంది.

ఏదైనా సాయం చేస్తామన్నవాళ్ళకు ‘అక్కర్లేదండీ’ అనకండి, ఒక పని చెప్పండి. మంగళవారం పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావాలి, డోసు రోజు మధ్యాహ్నం క్యారేజీ పంపాలి, బ్లడ్ రిపోర్టు తెచ్చిపెట్టాలి. పని చెబితే చుట్టం కూడా తేలికపడతాడు.

మంచి వారంలో ఏం చేయాలి

జబ్బు పడగానే మనం ఆమె చేతిలోంచి పనులన్నీ లాగేసుకుంటాం. విశ్రాంతి ఇస్తున్నామనుకుంటాం. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద తేదీల గళ్ళల్లో పాల ప్యాకెట్లకు గీతలు పెట్టేది మా ఆవిడే. చికిత్స మొదలయ్యాక ఆ పని నా చేతికొచ్చింది. ఒక మూడో వారంలో ఆమె లేచి వచ్చి క్యాలెండర్ దించుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. గీతలు లెక్కపెట్టి, పాలవాడి చీటీతో సరిచూసి, రెండు ప్యాకెట్లు ఎక్కువ రాశాడని తేల్చింది. సాయంత్రం పాలవాడితో తానే మాట్లాడింది. కొన్ని వారాల తర్వాత ఆ గొంతులో మళ్ళీ ఇల్లాలి అధికారం విన్నాను. ఆ లెక్క మళ్ళీ ఆమెకే వదిలేశాను. డోసు వారంలో మాత్రం గీతలు నేను పెట్టేవాణ్ణి.

విశ్రాంతి ఎంత అవసరమో, ఇంట్లో తన చోటు తనకుండటం అంతే అవసరం. కీమో అలసట నిద్రపోతే తీరేది కాదు. ఓపికున్న రోజుల్లో పది, పదిహేను నిమిషాల నడక ఆ అలసటను తగ్గిస్తుందని డాక్టర్లే చెబుతారు. సాయంత్రం వీధి చివరిదాకా కలిసి నడవండి. తనకు ఓపికున్నంతలో కూర చెప్పి చేయించనివ్వండి, పిల్లల మార్కులు చూడనివ్వండి, డబ్బు నిర్ణయాల్లో మాట అడగండి. మాటలు, పేర్లు చప్పున గుర్తురాకపోతే విసుక్కోకండి. చికిత్స కాలంలో చాలామందికి అలా జరుగుతుంది.

జుట్టు ఊడే రకం కీమో అయితే మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో రాలడం మొదలవుతుంది. అంటే మొదటి మంచి వారంలోనే దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. ముందే మాట్లాడుకోండి. పొట్టిగా కత్తిరించుకుంటుందా, ఒకేసారి తీయించుకుంటుందా, విగ్గు కావాలా, చున్నీ చాలా, అంతా ఆమె ఇష్టం. కీమోతో ఊడిన జుట్టు దాదాపు అందరికీ మళ్ళీ వస్తుంది. బొట్టు, గాజులు, పూలు, ఆమెకు ఏది కావాలంటే అది తెచ్చివ్వడం మాత్రం మీ వంతు. బోడితల మన సమాజంలో ఆడమనిషికి ఏ మాటలు గుర్తుచేస్తుందో మీకు తెలుసు. ఆ మాటలు ఎవరి నోటా రాకుండా చూడాల్సింది మీరే.

పక్క వేరు చేయకండి

ఇన్ఫెక్షన్ భయంతోనో, నిద్రాభంగమవుతుందనో భర్త హాల్లో చాప వేసుకుంటాడు. చికిత్స అయ్యాక కూడా ఆ చాప అక్కడే ఉండిపోతుంది. మీకు జలుబు లాంటివి లేనప్పుడు తాకడం, కౌగిలించుకోవడం, చెయ్యి పట్టుకుని పడుకోవడం వల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. శారీరక సంబంధం ఇద్దరికీ ఇష్టమైతే, కౌంట్ బాగున్నప్పుడు కొనసాగించవచ్చు. కీమో జరిగినన్నాళ్ళూ గర్భం రాకూడదు కాబట్టి కండోమ్ తప్పనిసరి. పిల్లలు కావాలనుకునే వయసువారు అండాలు లేదా వీర్యం భద్రపరచుకునే సంగతి మొదటి డోసుకు ముందే డాక్టరునడగాలి. సిగ్గుపడి ఊరుకుంటే ఆ అవకాశం దాటిపోతుంది. ఆపరేషన్ మచ్చను చూపించడానికి ఆమె వెనకాడితే తొందరపెట్టకండి. మీరు చూపు తిప్పుకోకపోతే చాలు.

డబ్బు, కాగితాలు

ఒక ఫైలు పెట్టుకోండి. బయాప్సీ రిపోర్టు, స్కాన్లు, ప్రతి డోసు కాగితం, సీబీపీలు తేదీల వరసలో. రెండో డాక్టరు అభిప్రాయం కావాలంటే బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు హాస్పిటల్ నుంచి అడిగి తీసుకోవచ్చు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ క్యాన్సర్ చికిత్సకు వర్తిస్తాయి. హాస్పిటల్లో ఆ పథకాల డెస్కు దగ్గరుండే ఉద్యోగిని మొదటి రోజే కలవండి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎంఎన్‌జే హాస్పిటల్, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉన్నాయి. చికిత్సకు రైల్లో వెళ్ళేవారికి డాక్టరు సంతకం చేసిన ఫారంతో రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారు చికిత్స ఖర్చు కింద 40,000 రూపాయల దాకా, రోగికి 60 ఏళ్ళు నిండితే లక్ష దాకా మినహాయింపు అడగవచ్చు.

మీరు పడిపోకూడదు

చూసుకునే మనిషికి కూడా బీపీ మాత్రలుంటాయి, నడుం నొప్పి ఉంటుంది, ఏడుపు వస్తుంది. మీ మందులు ఆమె మందుల డబ్బా పక్కనే పెట్టుకోండి, రెండూ ఒకే వేళకు గుర్తుంటాయి. మంచి వారంలో ఒక పూట ఎవరినైనా తోడుంచి మీరు బయటికి వెళ్ళండి. అది స్వార్థం కాదు. నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారమే చేయండి

- సైకిల్ తేదీలు, జాగ్రత్త రోజులు, మంచి రోజులు ఇద్దరికీ కనిపించేచోట రాసిపెట్టండి.
- థర్మామీటర్ కొనండి, పర్సులో పెట్టే కాగితం రాయండి.
- ఫోన్లకు జవాబు చెప్పే మనిషిని కుదుర్చుకోండి.
- మీరు తీసేసుకున్న పనుల్లో ఒకటి ఆమెకు తిరిగి ఇవ్వండి.

చికిత్స ఎలా ముగుస్తుందో చెప్పే శక్తి మీకూ నాకూ లేదు. మూడో వారం వస్తుందని మాత్రం తెలుసు. అది వచ్చిన రోజు ఆమె పక్కన కూర్చుని, ‘ఈ వారం నీకేం చేయాలనుంది?’ అని అడగండి. ఆమె ఏది చెబితే, అది ఎంత చిన్నదైనా, ఆ వారంలోనే జరిగేలా చూడండి.